పర్లాకిమిడిలో కంప్యూటర్ క్లబ్బుకి దొరికిన గది: జిరాక్స్ షాపు మేడ మీద హాలు, వాడాక నా రివ్యూ

ఒడిశా బోర్డర్లో ఉన్న మన పర్లాకిమిడిలో గాని అటు ఆంధ్రా వైపు పాతపట్నంలో గాని ఓ పదిహేను మంది కూర్చుని ల్యాప్‌టాపులు తెరుచుకుని పని చేసుకోడానికి గది వెతుకుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదవండి. కింద జిరాక్స్ షాపు, పైన ట్యూషన్ గది, బస్టాండు నుంచి సంచీ భుజానేసుకుని నడిచి వచ్చేంత దూరం. మిగతా రోజులు పొద్దున్నా సాయంత్రం టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్తారు, ఆదివారం మొత్తం ఖాళీ, ఆ ఖాళీనే మేం అద్దెకి తీసుకుంటున్నాం. షాపు పేరు రాయట్లేదు, ఓనరు గారే వద్దన్నారు, "పేరు పెట్టీసేవంటే బర్త్‌డే పార్టీలకి ఇస్తారా అని ఫోన్లు మొదలవుతాయి బాబూ, నాకా గోల వద్దు" అని ముందే చెప్పీసారు. ఆయన మాట కాదనలేం కదా.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కింద చెప్తాను.

ముందు మా క్లబ్బు సంగతి చెప్పాలి, లేకపోతే గది ఎందుకంత పట్టించుకుంటున్నానో అర్థం కాదు. పేరుకి క్లబ్బే గాని రిజిస్ట్రేషనూ లేదు, ప్రెసిడెంటూ లేడు. కొందరు కాలేజీ పిల్లలు, ఒక రిటైర్డ్ మాస్టారు, మీసేవలో పని చేసే ఒక కుర్రాడు పాతపట్నం నుంచి, కాశీనగర్ నుంచి ఇద్దరు, రిపేర్ షాపు నడిపే ఒక ఒడియా భాయినా (భాయినా అంటే అన్నయ్య), నేను. మొదట్లో కోడింగ్ నేర్చుకుందాం అనే మొదలెట్టాం గాని 2025 అక్టోబర్ 14తో విండోస్ టెన్‌కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి మా దగ్గరికి పాత మిషన్లు రావడం మొదలైంది. విండోస్ లెవెన్ ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం టూ పాయింట్ జీరో అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, మన ఊళ్ళో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లలో, చిన్న ఆఫీసుల్లో, ఇళ్ళలో ఉన్నవన్నీ మూడో జనరేషన్ నాలుగో జనరేషన్ డబ్బాలు. వాటికి పాత హార్డ్ డిస్కు బదులు వేగంగా పని చేసే ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే ఇంకో నాలుగైదేళ్ళు నిక్షేపంలా పని చేస్తాయి. కాబట్టి ఇప్పుడు మా మీటింగ్ అంటే ల్యాప్‌టాపులే కాదు, మనుషులు సీపీయూలు మోసుకొస్తారు. బండి మీద వెనక కూర్చున్నవాడు ఒళ్ళో పెట్టుకుని, మీద తువ్వాలు కప్పి, వానొస్తే పాలిథీన్ కవరు చుట్టి. ఆ సీపీయూ మోసుకొచ్చేవాడి కళ్ళతో చూస్తేనే ఏ చోటు బాగుందో ఏది లేదో తెలుస్తుంది, ఏసీ ఉందా సోఫా ఉందా అన్నది తర్వాత సంగతి.

ఈ గది దొరికేలోపు చాలా చోట్లు తిరిగాం. అన్నిటి గురించీ రాస్తే ఇది అవ్వదు గాని కొన్ని చెప్పాలి.

ఎవరో ఒకరి ఇంట్లో పెట్టుకుందాం అన్నది అందరికీ మొదట తట్టే ఆలోచన, మాకూ అదే తట్టింది. ఇంట్లో అయితే కరెంటుంది, వైఫై ఉంది, అద్దె లేదు. కాని మనిళ్ళలో పది మంది వస్తే ఊరికే పంపరు కదా, ఆ ఇంటి పిన్నిగారు ఆదివారం మధ్యాహ్నం పడుకోకుండా ఉప్మా చేసి, టీ పెట్టి, కప్పులు సరిపోక పక్కింటి నుంచి తెప్పించి, మేం వద్దండీ వద్దండీ అంటూనే తినీసి. రెండోసారికే మొహమాటం వచ్చీసింది, మూడోసారి సగం మంది రాలేదు. అడిగితే ఎవడూ కారణం చెప్పడు, పని ఉంది అంటాడు.

తర్వాత ఒక విద్యాసంస్థ కంప్యూటర్ ల్యాబు. చూడ్డానికి అంతకంటే మంచిది ఉండదు, వరసగా టేబుళ్ళు, ప్రతి టేబులుకీ ప్లగ్గు. కాని లెటర్ రాయాలి, ఆ లెటర్ మీద సంతకం అవ్వాలి, సంతకం అయ్యాక తాళం చెవి ఉన్నాయన ఆదివారం ఊళ్ళో ఉండాలి. పెన్‌డ్రైవ్ పెట్టకూడదంటారు. పెన్‌డ్రైవ్ లేకుండా లినక్స్ ఎలగ ఎక్కిస్తాం చెప్పండి? అన్నిటికంటే పెద్దది ఏటంటే అది ఆ కాలేజీ పిల్లలది అయిపోయింది, బయటివాళ్ళు గేటు దగ్గర రిజిస్టర్లో పేరు రాసి లోపలికి రావాలి, రిపేర్ షాపు భాయినా ఒకసారి వచ్చి "ఆజ్ఞా, నేను ఇక్కడ చుట్టంలా ఉన్నాను" అని నవ్వీసి మళ్ళీ రాలేదు. మా అందరిలోకీ హార్డ్‌వేర్ బాగా తెలిసింది ఆయనకే.

ఒక సంఘం వాళ్ళ భవనం ఫ్రీగా ఇస్తామన్నారు, మంచి మనసుతోనే అన్నారు. కాని ఫలానా కులం భవనం అంటే వేరేవాళ్ళు ఎంత కలుపుగోలుగా ఉన్నా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతారు, ఆ ఆగడం నాకు కనిపించింది, అందుకే వద్దన్నాను. కళ్యాణ మండపం అయితే ముహూర్తాలున్న నెలల్లో ఆశ వదులుకోవడమే, పైగా ఆ హాల్లో గొంతు గింగుర్లాడుతుంది, పక్కవాడు చెప్పింది కూడా వినపడదు. టిఫిన్ హోటల్లో వెనక టేబుళ్ళు అడిగాం, ఇచ్చారు, ఫ్రిజ్ వెనకాల ఒకే ఒక్క ప్లగ్గు, అరగంటకోసారి సర్వర్ వచ్చి ఇంకేం కావాలి సార్ అని నిలబడతాడు, తప్పు లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు కదా అని ఇప్పటికీ ఒకరిద్దరు అంటూనే ఉంటారు. డబ్బా మూత విప్పి ర్యామ్ పీకి ఇరేజర్‌తో రుద్ది మళ్ళీ పెట్టడం వీడియో కాల్‌లో చేయించండి, చూద్దాం.

దీని గురించి ఆలోచిస్తుంటే నాకు ఆ హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు గుర్తొస్తుంది. కాలిఫోర్నియాలో 1975 మార్చి 5న మొదటి మీటింగు, మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గ్యారేజీలో. ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ ఆ క్లబ్బుకి వెళ్ళేవాడే, ఆపిల్ వన్ అక్కడే జనానికి చూపించాడు. జనం పెరిగాక గ్యారేజీ చాలక స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియంలోకి మారారు. జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ 1981లో బెర్లిన్‌లో మొదలైంది, అది ఒక న్యూస్‌పేపర్ ఆఫీసులో. ఎవరూ ముందు బిల్డింగు కట్టుకుని క్లబ్బు పెట్టలేదు, ఆ టైంకి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరారు. మాకూ అదే పద్ధతి, ఆదివారం ఎవరి గది ఖాళీ?

అలగ వెతుకుతుంటే జిరాక్స్ షాపులో ఆధార్ కాపీ తీయించుకుంటూ మా మాస్టారే అడిగారట, పైన ఆదివారం ఏం చేస్తారండీ అని.

ఇక గది సంగతి. పొడవుగా ఉంటుంది, ట్యూషన్ బెంచీలు, వెనక గోడకి గ్రీన్ బోర్డు, రెండు ఫ్యాన్లు. పడమటి వైపు పెద్ద కిటికీ. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ సరిగ్గా ప్రొజెక్టర్ పడే గోడ మీద పడుతుంది, అక్షరాలు కనిపించవు, ఓనరు గారి కోడలు ఒక పాత దుప్పటి ఇచ్చారు, దాన్ని మేకులకి కట్టుకుంటున్నాం. ఫ్యాన్లు ఫుల్ స్పీడులో పెడితే చప్పుడుకి మాట వినపడదు, తగ్గిస్తే చెమట. ఇవన్నీ ట్యూషన్ గదికి మామూలే.

కరెంటు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కంప్యూటర్ క్లబ్బుకి గది చూసేవాళ్ళు చాలామంది కుర్చీలు లెక్కపెడతారు గాని ప్లగ్గులు చూడరు. ఇక్కడ మొదట ఉన్నవి రెండే, ఒకటి బోర్డు కింద, ఒకటి తలుపు పక్కన, రెండూ మామూలు సిక్స్ ఆంప్స్‌వి. సిక్స్ ఆంప్స్ పాయింటు అంటే 230 వోల్టుల దగ్గర లెక్కేస్తే దాదాపు 1,380 వాట్లు. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు, అవి పది పెట్టినా పర్లేదు. కాని పాత డెస్క్‌టాపూ మానిటరూ కలిపితే 150, 200 వాట్లు లాగుతుంది, అవి ఆరేడు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి పైన ఎవడో టీ కెటిల్ పెట్టాడంటే అంతే సంగతులు. తలుపు పక్కన సాకెట్లో పిన్ను లూజు, పెట్టినప్పుడల్లా చిటుక్కుమని నిప్పురవ్వ, కొంచెం కాలిన వాసన. భాయినా అది చూసి ఊరుకోలేదు, కింద మెయిన్ దగ్గర నుంచి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) పెట్టి, రెండున్నర ఎస్క్యూఎంఎం వైరు లాగి, గోడ పొడుగునా సాకెట్లు వేసారు, వైరు ఖర్చు మేం వేసుకున్నాం, కూలి ఆయన తీసుకోలేదు. ఓనరు గారు పైకొచ్చి చూసి, "ట్యూషన్ మాస్టారు కూడా మొబైల్ ఛార్జింగుకి ప్లగ్గు లేదని గోల పెట్టేవాడు, బాగయింది" అని ఆ నెల అద్దెలో సగం తగ్గించారు.

షాపుకి ఇన్వర్టర్ ఉంది, పన్నెండు వోల్టుల నూటయాభై ఏహెచ్ బ్యాటరీ. పైన లైట్లు ఫ్యాన్లు రౌటరు దాని మీద నడుస్తాయి, ల్యాప్‌టాపులు నాలుగైదు కూడా లాక్కొస్తుంది, డెస్క్‌టాపులు మాత్రం వద్దన్నారు, న్యాయమే. ఇన్‌స్టాలేషన్ సగంలో ఉండగా కరెంటు పోతే మళ్ళీ మొదటికి రావాలి కాబట్టి మేం ఒక చిన్న యూపీఎస్ పెట్టుకున్నాం, ఎవరి మిషను ఇన్‌స్టాల్ అవుతుంటే దానికి అది. వానాకాలం సాయంత్రాలు గాలీ ఉరుమూ మొదలైతే డెస్క్‌టాపుల పని ఆపీసి ముచ్చట్లు పెట్టుకోవడమే.

నెట్ ఫైబర్ లైను, రౌటరు కింద కౌంటరు వెనక. మధ్యలో స్లాబు. ఫైవ్ గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ స్లాబు దాటి రాదు, టూ పాయింట్ ఫోర్ వస్తుంది గాని పది మంది ఎక్కితే పాకుతుంది. కిటికీలోంచి ఒక ల్యాన్ కేబుల్ కిందకి వేసి పైన మా పాత రౌటరు ఒకటి పెట్టాక బాగుంది. అయినా ఐఎస్ఓలన్నీ, అంటే లినక్స్ ఎక్కించే ఫైళ్ళన్నీ, ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవుల్లో తెచ్చుకోండి, ఉబుంటూ ఒక్కటే ఐదారు జీబీలు, అక్కడ కూర్చుని దింపితే కింద జిరాక్స్ షాపులో ఆన్‌లైన్ అప్లికేషన్లు కట్టేవాళ్ళ పని ఆగిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నమ్మకం పెట్టుకోకండి, మనది బోర్డర్ ఊరు, ఒక కిటికీ దగ్గర ఒడిశా టవరు ఇంకో మూల ఆంధ్రా టవరు, ఫోను ఎటు పోవాలో తేల్చుకోలేక మీటింగ్ అంతా ఊగుతూ ఉంటుంది.

టైమింగు గురించి. మొదట సాయంత్రం నాలుగుకి అనుకున్నాం, అందరికీ నిద్ర లేచి టీ తాగి వచ్చే టైము. అప్పుడు సెరంగో వైపు నుంచి ఒక సవర కుర్రాడు రావడం మొదలెట్టాడు, కాలేజీలో చదువుతున్నాడు, ఆదివారాలు ఇంటికెళ్ళి వస్తాడు. సవర భాషకి సొంత లిపి ఉంది కదా, సొరాంగ్ సొంపెంగ్, మంగెయి గొమాంగో 1936లో తయారు చేసినది, అది 2012లో యూనికోడ్ (అన్ని భాషల లిపులూ కంప్యూటర్లలో చూపించే స్టాండర్డు) సిక్స్ పాయింట్ వన్‌లో చేరింది, గూగుల్ వాళ్ళ నోటో ఫాంట్ కూడా ఉంది, కాని వాడి ల్యాప్‌టాపులో అక్షరాల బదులు అన్నీ ఖాళీ డబ్బాలే కనిపించేవి. ఫాంట్ వేసి, కీబోర్డు లేఔట్ ఒకటి తయారు చేసుకుంటే సరిపోయే పని. గిడుగు రామమూర్తి గారు మేష్టరీ చేస్తూ సవర నేర్చుకున్న ఊరు ఇది, ఇక్కడ ఆ పని చెయ్యకపోతే ఇంకెక్కడ చేస్తాం. వాడు ఆదివారం నాలుగుకి వస్తే కొండ మీదకి వెళ్ళే బస్సు దొరకదు. మీటింగు పదకొండుకి మార్చీసాం. దాంతో తెలిసింది ఏటంటే అందరికంటే దూరం నుంచి వచ్చేవాడి ఆఖరి బస్సు ఏదో చూసుకుని టైము పెట్టుకుంటే మిగతావాళ్ళకి ఎలాగూ సరిపోతుంది. పాతపట్నం వాళ్ళకి ఆటోలు ఎప్పుడూ ఉంటాయి, మూడు నాలుగు కిలోమీటర్లే, వాళ్ళకి బెంగ లేదు. గుణుపురం లైనులో రైలు పట్టుకుని వచ్చేవాళ్ళకి మాత్రం ట్రైను లేటయితే మీటింగు సగం అయిపోయాక వస్తారు, ఎవరూ ఏమనరు. పైగా పదకొండుకైతే ఆ పడమటెండ గొడవ కూడా లేదు, దుప్పటి అవసరం తగ్గింది.

ఇప్పుడు ఆ ఒకటిన్నర మార్కుల సంగతి.

మెట్లు. నిటారుగా, ఇరుగ్గా, రెయిలింగ్ ఒక వైపే. సీపీయూ పట్టుకుని ఎక్కేవాడికి కాలెక్కడ పడుతుందో కనిపించదు, కింద నుంచి ఇంకొకడు చెప్తూ ఉండాలి. మా మాస్టారికి మోకాళ్ళ నొప్పి, ఈ గది వెతికింది ఆయనే, కాని పైకి రావాలంటే సగంలో ఆగి ఊపిరి తీసుకోవాలి. ఈమధ్య ఆయన కింద షాపులోనే కుర్చీ వేయించుకుని కూర్చుంటున్నారు, తెలుగు టైపింగు డౌట్లు ఉన్నవాళ్ళు కిందకెళ్ళి అడుగుతున్నారు. ఓనరు గారికి కబుర్లకి మనిషి దొరికినట్టయింది. అయినా నాకు బాగోలేదు, మేడ మీద గది అంటే ఎవరో ఒకరు కింద మిగిలిపోతారు.

ఇంకోటి బాత్రూము, ఒక మార్కు దీనికే. షాపు వెనక సందులో ఉంటుంది, తాళం చెవికి పీవీసీ పైపు ముక్క కట్టి కౌంటరు దగ్గర మేకుకి వేలాడదీసారు. అంటే ఆడపిల్లలు వెళ్ళాలంటే జిరాక్స్ కోసం నిలబడ్డ మగాళ్ళ మధ్యలోంచి వెళ్ళి చెవి అడగాలి. మొదట్లో వచ్చిన అమ్మాయిలు గంటన్నరకే లేచి వెళ్ళిపోయేవారు, ఆసక్తి లేదేమో అనుకున్నారు మనవాళ్ళు. ఒకమ్మాయి పోనీలే అని ఊరుకోకుండా చెప్పీసింది, "అన్నా, ఆ చెవి పైన పెట్టించండి చాలు, మేం సాయంత్రం దాకా ఉంటాం" అని. ఓనరు గారి కోడలికి చెప్తే అదే రోజు రెండో చెవి చేయించి పైన బోర్డు పక్కన మేకు కొట్టారు. సందులో లైటు మాత్రం ఇంకా పెట్టలేదు, అడుగుతూనే ఉన్నాం. అది పెట్టేదాకా ఆ మార్కు ఇవ్వను.

అద్దె పూటకి నాలుగు వందలు, కరెంటు కలిపి. అందరం పంచుకుంటే ఒక్కొక్కడికి టీ టిఫిన్ ఖర్చు కంటే తక్కువే, స్టూడెంట్ల దగ్గర తీసుకోం, రిపేర్ చేయించుకున్నవాళ్ళు ఎంతో కొంత డబ్బాలో వేస్తారు. ఎవరు ఎంత వేసారో చూడం. డబ్బులిచ్చి తీసుకున్న గది కాబట్టి ఇక్కడ ఎవడూ ఎవడికీ చుట్టం కాదు, ఎవడికీ మొహమాటం లేదు, తెలుగువాడూ ఒడియావాడూ కాలేజీవాడూ బజారువాడూ అందరూ ఒకేలాంటి బెంచీ మీద కూర్చుంటున్నారు, భాయినా మళ్ళీ వస్తున్నారు. నాకైతే వైఫై కంటే ఇదే గొప్ప.

మీటింగు అయిపోయాక అసలు మీటింగు కింద బండి దగ్గర. బరా (గారెలు), ఘుగ్ని (బఠాణీ కూర), మీద ఉల్లిపాయ ముక్కలు. పైన నోరు విప్పనివాడు అక్కడ ఘుగ్ని గిన్నె చేతిలో పెట్టుకుని తన అసలు ప్రాబ్లం చెప్తాడు. ఆ హోంబ్రూ వాళ్ళు కూడా మీటింగ్ అయ్యాక ఒయాసిస్ అనే బార్‌లో చేరేవారట. మనకి బండి చాలు.

తీసుకుందామనుకునేవాళ్ళకి ఒకట్రెండు విషయాలు. వారం ముందు చెప్పాలి, టెన్త్ పరీక్షల ముందు ఆదివారాలు కూడా ట్యూషన్ ఉంటుంది, అప్పుడు ఇవ్వరు. పండగలు రెండు వైపులవీ చూసుకోండి, మన ఉగాదికి పాతపట్నం వాళ్ళు రారు, జూన్‌లో ఒడియావాళ్ళ రజ పండక్కి మూడు రోజులు ఇటువైపు షాపులు మూతే, రథయాత్ర రోజు ఆ బజార్లో సీపీయూ పట్టుకుని నడవడం కాదు కదా ఉత్త చేతుల్తో నడవడమే కష్టం. ఇరవై మంది దాటితే ఈ గది చాలదు. పెద్దవాళ్ళు ఎక్కువ వచ్చే గ్రూపయితే ఇది వద్దు, కింద అంతస్తులో ఏదైనా చూసుకోండి, దొరికితే మాకూ చెప్పండి, మా మాస్టారి కోసం మేం కూడా చూస్తూనే ఉన్నాం.